మీనాక్షి ఎక్స్‌ప్రెస్ దారి మళ్లీ తెరుచుకుంటుందా?

ఇందూరు అమ్మాయి
కార్తికంలో అమ్మనీ అత్తయ్యనీ ఓంకారేశ్వర్ తీసుకెళ్దామని నిజామాబాద్ నుంచి రైళ్లు చూస్తున్నాను. మ్యాపులో చూస్తే నాందేడ్, అకోలా, ఖండ్వా, ఓంకారేశ్వర్ ఇంచుమించు ఒకే వరుసలో ఉన్నాయి. ఆ వరుసలో నేరుగా వెళ్లే రైలు మాత్రం లేదు. ఖండ్వా ఎలాగోలా చేరి అక్కడి నుంచి బస్సు పట్టుకోవాలి, లేకపోతే భోపాల్ వైపు చుట్టు తిరగాలి. మా పెద్దనాన్న "కాచిగూడ–జైపూర్ మీనాక్షి ఎక్స్‌ప్రెస్ ఉన్న రోజుల్లో మన ఊళ్లో ఎక్కితే నర్మద దగ్గర దిగేవాళ్లం" అంటున్నారు. ఆ బండి ఎందుకు ఆగింది? మళ్లీ నడిచే అవకాశం ఉందా, ఆశ వదులుకోవలసిందేనా?

పాత గార్డు
మీ పెద్దనాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం అమ్మా. కాచిగూడ, నిజామాబాద్, బాసర, నాందేడ్, పూర్ణా, హింగోలి, వాషిం, అకోలా, ఖండ్వా, మహూ, ఇందూర్ (మధ్యప్రదేశ్‌లోని ఇండోర్), రత్లాం, చిత్తోడ్‌గఢ్, అజ్మీర్, జైపూర్. ఇదీ దారి. మొదటి నుంచి చివరి దాకా మీటర్‌గేజ్, అంటే పట్టాల మధ్య ఎడం ఒక్క మీటరే ఉండే లైను. ఉజ్జయిని వెళ్లేవాళ్లు ఇందూర్ దాటాక ఫతేహాబాద్‌లో బండి మారేవాళ్లు.

ఈ లైనుకు ఒక ప్రత్యేకత ఉంది. ఉత్తరాది మీటర్‌గేజ్, దక్షిణాది మీటర్‌గేజ్ వేరువేరుగా ఉండేవి. 1960 ప్రాంతంలో ఖండ్వా–హింగోలి మధ్య పట్టాలు వేశాక ఆ రెండూ కలిశాయి. అప్పటి నుంచి రాజస్థాన్ పెట్టె రామేశ్వరం దాకా గేజ్ మారకుండా వెళ్లగలిగేది. 1992లో అన్ని లైన్లనూ బ్రాడ్‌గేజ్, అంటే ఎడం ఎక్కువ ఉండే పట్టాలు చేయాలన్న పథకం వచ్చింది. మన వైపు పట్టాలు మారేసరికి బండిని పూర్ణా దగ్గరే ఆపేశారు. పూర్ణా–అకోలా 2008కల్లా బ్రాడ్‌గేజ్ అయింది. అకోలా–ఖండ్వా మధ్య 2017 మొదట్లో రైళ్లు ఆపేశారు. మహూ వైపు మిగిలిన ముక్క 2023 మొదట్లో మూతపడింది. రెండు చివర్లా బ్రాడ్‌గేజ్ వచ్చింది, నడుమ ఖాళీ మిగిలింది. బండి ఆగిపోవడానికి ప్రయాణికులు లేకపోవడం కారణం కాదు. నేను పనిచేసిన రోజుల్లో జనరల్ పెట్టెలో కాలు పెట్టే చోటు ఉండేది కాదు.

కాచిగూడ కుర్రాడు
గార్డు గారూ, మీరు ఆ బండిలోనే పనిచేశారా? ధూల్‌ఘాట్ దగ్గర రైలు తన కిందనుంచి తానే వెళ్తుందని చదివాను. నిజమేనా?

పాత గార్డు
నిజమే. ధూల్‌ఘాట్ దగ్గర లైను కొండ చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరిగి, తాను వచ్చిన పట్టాల్నే పై ఎత్తున దాటుతుంది. తక్కువ దూరంలో ఎక్కువ ఎత్తు ఎక్కడానికి అలా కట్టారు. పగటి బండిలో వెళ్తే పిల్లలందరూ ఒక వైపు కిటికీల దగ్గరికి చేరేవాళ్లు. మహూ ఘాట్‌లో పద్ధతి వేరు. అక్కడ నలభైకి ఒకటి, అంటే నలభై అడుగుల దూరానికి ఒక అడుగు చొప్పున ఎక్కుడు. కాలాకుండ్‌లో బండి వెనుక మరో ఇంజిను తగిలించి పాతాళ్‌పాని దాకా నెట్టేవాళ్లు. ఇంజిను తగిలించే లోపు అందరూ దిగి ఆకు దొన్నెల్లో కలాకంద్ కొనుక్కునేవాళ్లు.

కాచిగూడ కుర్రాడు
కలాకంద్ కోసమైనా ఈ లైను రావాలి. నా ఓటు వేసేశాను.

బేగంబజార్ వాసి
మా తాతల ఊరు అజ్మీర్ దగ్గర. పెళ్లిళ్లకీ చావులకీ ఆ బండే మాకు దిక్కు. అటుకులు, లడ్డూలు, కుండలో నీళ్లు, పరుపు చుట్టలు అన్నీ దాంట్లోనే. హైదరాబాద్‌లో నాలుగు తరాలుగా ఉంటున్న రాజస్థానీ కుటుంబాలు ఎన్ని ఉన్నాయో సిద్దిఅంబర్ బజార్ వెళ్లి చూడండి. ఇప్పుడు జైపూర్‌కు రైళ్లు ఉన్నాయి, లేవని అనను. పండగ రోజుల్లో బెర్తు దొరకదు, దొరికినా చుట్టుదారి.

చార్మినార్ నీడ
పైన చెప్పినదానికి ఇంకొకటి కలపండి. అజ్మీర్ దర్గా. ఉర్సు రోజుల్లో దక్షిణ మధ్య రైల్వే ఏటా ప్రత్యేక రైళ్లు వేస్తుంది, అవి కిక్కిరిసిపోతాయి. ఏటా ప్రత్యేక బండ్లు వేయవలసి వస్తోందంటే ఆ దారికి గిరాకీ ఉన్నట్టే కదా.

లెక్కల మాస్టారు
ఉర్సు గిరాకీ సంవత్సరంలో కొద్ది రోజులది. దాన్ని చూసి రోజువారీ బండి వేయరు. మిగతా రోజుల సంగతి ఏమిటి?

మహూ యాత్రికుడు
మాస్టారూ, మిగతా రోజుల్లో మేమున్నాం. బాబాసాహెబ్ అంబేద్కర్ పుట్టిన ఊరు మహూ. ఇప్పుడు ఆ స్టేషను పేరు కూడా డాక్టర్ అంబేద్కర్ నగర్. ఏప్రిల్ 14న తెలంగాణ పల్లెల నుంచి ఎంతమంది వెళ్తారో ఒకసారి వచ్చి చూడండి. ఏప్రిల్ దాటాక కూడా వెళ్లేవాళ్లు ఉంటారు. కిందటిసారి మా ఊరివాళ్లం ఒక ప్రైవేటు బస్సు మాట్లాడుకుని వెళ్లాం. దారిలో అది చెడిపోతే ముసలివాళ్లు అర్ధరాత్రి రోడ్డు పక్కన దుప్పటి పరుచుకుని పడుకున్నారు. నేరుగా రైలుంటే ఆ అవస్థ ఎందుకు?

యాత్రల సుబ్బలక్ష్మి
జ్యోతిర్లింగాల లెక్క ఎవరూ చెప్పలేదు! హింగోలి దగ్గర ఔంఢా నాగనాథ్, నర్మద మీద ఓంకారేశ్వర్, కొంచెం పక్కకు వెళ్తే ఉజ్జయిని మహాకాళుడు. మూడూ ఈ దారినే ఉన్నాయి. బయలుదేరేటప్పుడు బాసర సరస్వతీ దేవి. చివర పుష్కర్. ఇన్ని క్షేత్రాలు కలిపే రైలు మన వైపు నుంచి ఇంకొకటి ఉందా? మా వీధిలో ఆడవాళ్లం కలిసి వెళ్దామంటే ప్రతిసారీ బండ్లు మారడం దగ్గరే ఆగిపోతున్నాం. మోకాళ్ల నొప్పులవాళ్లు వంతెనలు ఎక్కలేరు.

ఇందూరు అమ్మాయి
సుబ్బలక్ష్మి గారూ, మా అత్తయ్యది కూడా అదే మాట. సరే, నడుమ ఖాళీ ఎందుకు పూడ్చలేదు? 2017 నుంచి ఇంత ఆలస్యమా?

అడవిపక్షి
దానికి జవాబు నేను చెప్తాను. కొందరికి నచ్చకపోవచ్చు.

పాత లైను అకోట్ దాటాక మేల్‌ఘాట్ పులుల అభయారణ్యంలోకి వెళ్తుంది. దేశంలో మొదట ప్రకటించిన తొమ్మిది పులుల రిజర్వుల్లో అదొకటి. లైను దాదాపు 40 కిలోమీటర్లు ఆ అడవిలోంచి, వాన్ అభయారణ్యం మీదుగా వెళ్తుంది. మీటర్‌గేజ్ రోజుల్లో రోజుకు కొన్ని బండ్లు, అవీ నెమ్మదిగా నడిచేవి. బ్రాడ్‌గేజ్ చేస్తే వేగం పెరుగుతుంది, రాత్రింబవళ్లు గూడ్సు బండ్లు కూడా వస్తాయి. పులులకు చోటివ్వడానికి అక్కడి ఊళ్లకు ఊళ్లనే బయటికి తరలించారు. మనుషుల్ని పంపేసిన అడవిలోకి గూడ్సు బండ్లను తెచ్చిపెడతామంటే ఎలా? సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ వేరే దారి చూసుకోమని సిఫారసు చేసింది. 2021లో మహారాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న ఉద్ధవ్ ఠాక్రే కూడా రైల్వే మంత్రికి అదే రాశారు. అడవి బయట నుంచి చుట్టు తిప్పితే దాదాపు 30 కిలోమీటర్లు పెరుగుతుంది, అంతే. రైల్వే చివరికి ఆ బయటి దారికే మళ్లింది.

మీనాక్షి ఎక్స్‌ప్రెస్ రావాలని నాకూ ఉంది. మేల్‌ఘాట్‌లోంచి మాత్రం వద్దు.

నల్లమల వాసి
అడవిపక్షితో నేను ఏకీభవించను. నంద్యాల–గిద్దలూరు లైను నల్లమలలోంచే వెళ్తుంది. 1990లలో మీటర్‌గేజ్ నుంచి బ్రాడ్‌గేజ్ చేశారు. మా దొరబావి వంతెన అప్పుడే పక్కన పడిపోయింది, కొత్త పట్టాలు వేరేచోట వేశారు. నేటికీ బండ్లు నడుస్తున్నాయి, అడవీ ఉంది. అక్కడ సాధ్యమైంది మేల్‌ఘాట్‌లో ఎందుకు కాదు? వేగం తగ్గించండి, రాత్రిపూట ఆపండి, జంతువులు దాటడానికి కింద దారులు కట్టండి. ఉన్న పట్టాల జాగా వదిలేసి కొత్తగా రైతుల పొలాలు తీసుకోవడం న్యాయమా?

అడవిపక్షి
నల్లమల లైను వేసినప్పుడు అడవి చట్టాలు ఇప్పటిలా లేవు. ఒకసారి వేసిన లైనును పీకలేం కాబట్టి భరిస్తున్నాం. మేల్‌ఘాట్‌లో 2017 నుంచి బండి లేదు, అడవికి ఊపిరి ఆడుతోంది. ఆగిన చోట మళ్లీ మొదలుపెట్టవద్దని అంటున్నాను. "రాత్రిపూట ఆపుతాం" అన్న హామీ ఎన్నాళ్లు నిలుస్తుంది? లైను తెరుచుకున్నాక బొగ్గు బండ్ల ఒత్తిడి మొదలైతే ఆ నిబంధనే మొదట పోతుంది.

నల్లమల వాసి
రైతుల పొలాల ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేదు.

అకోలా తెలుగువాడు
నేను చెప్తాను, నేనుండేది ఇక్కడే. పత్తి మిల్లు పనిమీద వచ్చి స్థిరపడ్డాను. బయటి దారి హివర్‌ఖేడ్, సోనాలా, జామోద్ వైపు పొలాల మీదుగా వెళ్తుంది. ఆ ఊళ్లకు ఇంతవరకు రైలు లేదు. అక్కడివాళ్లు "మా దారినే రావాలి" అని కోరుతున్నారు. పొలం పోయేవాడికి బాధ ఉంటుంది, కాదనను. కానీ అడవి లోపల లైను వేస్తే ఎక్కేవాడు దొరకడు, బయట వేస్తే వందల ఊళ్లకు స్టేషను దగ్గరవుతుంది. రైలు ఎవరికోసం వేస్తున్నామో కూడా చూడాలి కదా. అడవిలోని కోర్కు గిరిజనులకు మాత్రం పాత బండి పోవడం పెద్ద దెబ్బే. వాళ్ల గురించి అటు రైల్వే గాని, ఇటు అడవి ప్రేమికులు గాని పట్టించుకోలేదు.

ఇంకొక విషయం. అకోలా నుంచి అకోట్ దాకా బ్రాడ్‌గేజ్ పూర్తయింది, 2022 నవంబరులో బండి మొదలైంది. అంటే అకోట్ దాకా వచ్చేశాం. ఇక అకోట్ నుంచి అడవి చుట్టూ ఆమ్లా ఖుర్ద్ దాకా, అక్కడి నుంచి ఖండ్వా దాకా.

అడవిపక్షి
కోర్కుల మాట ఒప్పుకుంటున్నాను. వాళ్లకు ధార్ణి నుంచి మంచి రోడ్డు, రోజుకు సరిపడా బస్సులు అడగాల్సిందే. అది రైల్వే పని కాదని వదిలేయకూడదు.

లెక్కల మాస్టారు
అందరూ మేల్‌ఘాట్ దగ్గరే ఆగిపోయారు. నేను కాగితం మీద దూరాలు వేసి చూశాను, ఓపికగా చదవండి.

అకోలా–ఖండ్వా పాత దారి సుమారు 175 కిలోమీటర్లు. అడవి తప్పించి వెళ్తే 205 దాకా అవుతుంది. ఇప్పుడు బ్రాడ్‌గేజ్‌లో అకోలా నుంచి ఖండ్వా వెళ్లాలంటే భుసావల్ దాకా పడమరకు పోయి, మళ్లీ ఈశాన్యానికి తిరగాలి. అకోలా–భుసావల్ 140, భుసావల్–ఖండ్వా 124, మొత్తం 264. అంటే ఇంత గొడవ పడి కొత్త లైను వేసినా తగ్గేది 60 కిలోమీటర్లు. దూరప్రయాణపు బండికి అదొక గంట.

ఇప్పుడు ఖండ్వాకు ఉత్తరాన చూడండి. ఖండ్వా నుంచి మహూ పాత లైనులో 120 కిలోమీటర్ల లోపే. ఆ ముక్క లేకపోవడంతో ఖండ్వా నుంచి ఇందూర్ వెళ్లాలంటే ఇటార్సీ, భోపాల్, ఉజ్జయిని వైపు పోవాలి. ఖండ్వా–ఇటార్సీ ఒక్కటే 183. దాని తరవాత భోపాల్ 92, అక్కడి నుంచి ఇంకా చాలా ఉంది. పోతున్న సమయమంతా ఇక్కడే పోతోంది. కాబట్టి మీనాక్షి ఎక్స్‌ప్రెస్ తాళంచెవి మేల్‌ఘాట్‌లో లేదు, మహూ ఘాట్‌లో ఉంది. ఖండ్వా–మహూ పూర్తయిన రోజే కాచిగూడ–జైపూర్ బండిని భుసావల్ మీదుగా వేయవచ్చు. అడవి పంచాయతీ తేలేదాకా ఆగనక్కరలేదు.

సిగ్నల్ పచ్చ
మాస్టారి లెక్క బాగుంది. ఒక్క చిక్కు. అకోలా నుంచి వచ్చిన బండి భుసావల్ స్టేషనులోకి వెళ్తే ఖండ్వా వైపు తిరగడానికి ఇంజిను ఆ చివర నుంచి ఈ చివరకు మార్చాలి. భుసావల్ అసలే రద్దీ జంక్షన్. ప్లాట్‌ఫాం మీద ఒక బండి అరగంట నిలబడితే వెనక బండ్లన్నీ ఆగుతాయి. కాగితం మీద గంట అనిపించేది పట్టాల మీద రెండు గంటలవుతుంది.

లెక్కల మాస్టారు
రెండు గంటలే అనుకుందాం. ఓంకారేశ్వర్‌కు నేరుగా రైలు ఉందంటే సుబ్బలక్ష్మి గారు ఆ రెండు గంటలు కూర్చోరా?

యాత్రల సుబ్బలక్ష్మి
నాలుగు గంటలైనా కూర్చుంటాం. పులిహోర కట్టుకుని వస్తాం. వంతెన ఎక్కించకండి చాలు.

పాత గార్డు
మాస్టారు సరైన చోట వేలు పెట్టారు. ఖండ్వా–మహూ కథ కొంచెం చెప్తాను. హోల్కర్ మహారాజు ఇచ్చిన కోటి రూపాయల అప్పుతో 1870లలో కట్టిన లైను అది. ఇప్పుడు ఖండ్వా నుంచి సనావద్ దాకా బ్రాడ్‌గేజ్ వచ్చింది. అటుపక్క థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, దానికి బొగ్గు కావాలి, అందుకే ఆ ముక్క ముందు కదిలింది. ఇటు ఇందూర్ నుంచి మహూ దాకా కూడా బ్రాడ్‌గేజే. నడుమ ఉన్నవి నర్మద వంతెన, ఘాట్. నలభైకి ఒకటి ఎక్కుడులో ఇప్పటి పొడవైన బండ్లు నడపడం కష్టం. అందుకే పాత దారి వదిలి, కొండల్లో సొరంగాలు తవ్వుతూ వాలు తగ్గించి కొత్త దారి వేస్తున్నారు. సొరంగం పని నెమ్మదిగా సాగుతుంది. పాతాళ్‌పాని–కాలాకుండ్ మధ్య పాత మీటర్‌గేజ్ మాత్రం పర్యాటకుల బండి కోసం ఉంచారు. 2018 డిసెంబరు 25న మొదలుపెట్టారు.

కాచిగూడ కుర్రాడు
అంటే కలాకంద్ భద్రం.

కోనసీమ కొబ్బరి
లైను వస్తే చాలు, బండి అదే వస్తుందనుకుంటున్నారు మీరందరూ. మా కథ వినండి. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్లీ వేయించుకోవడానికి అరవై ఏళ్లు పట్టింది, 2004లో వచ్చింది. ఊరూరా పండగ చేసుకున్నాం. ఆ తరవాత దాని మీద నడిచింది ఏమిటి? ఒక్క రైల్‌బస్సు. కోటిపల్లి నుంచి నరసాపురం కలిస్తేనే దూరపు బండ్లు వస్తాయి. గోదావరి పాయల మీద వంతెనలు ఇంకా పూర్తి కాలేదు. చివర మూసుకుపోయిన లైను వేసి, దాని మీద ఎవరూ ఎక్కడం లేదని జనాన్ని తప్పుపడతారు. మీ అకోట్ కూడా ప్రస్తుతం అలాంటి చివరే. జాగ్రత్త.

అకోలా తెలుగువాడు
కొబ్బరి గారి మాట గుండెకు తగిలింది. అకోట్ బండి పరిస్థితి అచ్చం అలాగే ఉంది. అకోట్ నుంచి ముందుకు దారి లేదు, అందుకే అకోలాలో పనున్నవాళ్లు తప్ప ఎవరూ ఎక్కరు.

నౌపడా నాయుడు
అంత నిరాశ వద్దు. మా నౌపడా–గుణుపూర్ చిన్న లైను 2004లో ఆపేశారు. ఇక రాదనే అందరూ అన్నారు. 2011లో బ్రాడ్‌గేజ్ అయి తిరిగొచ్చింది. పర్లాకిమిడి వాళ్లు ఇప్పుడు బండి మారకుండా దూరం వెళ్తున్నారు. ఏడేళ్లు ఓపిక పట్టాం, ఆ ఏడేళ్లూ ఊరుకోకుండా వెంటపడ్డాం.

సిగ్నల్ పచ్చ
దూరపు బండి తిరిగొచ్చిన ఉదాహరణలు కావాలంటే ఇంకా రెండు ఉన్నాయి. పునలూరు–సెంగోట్టై కొండదారి మూసేసి బ్రాడ్‌గేజ్ చేశారు, 2018లో తెరిచారు. పాత మీటర్‌గేజ్ రోజుల్లో లాగే చెన్నై–కొల్లం బండి ఇప్పుడు ఆ దారిలో నడుస్తోంది. అహ్మదాబాద్ నుంచి హిమ్మత్‌నగర్ మీదుగా ఉదయ్‌పూర్ వెళ్లే లైను 2022 అక్టోబరు 31న తెరుచుకుంది. రెండూ కొండలూ అడవులూ ఉన్న దారులే. వీటిలో గమనించవలసింది ఒకటుంది. రెండు చోట్లా లైను మొత్తం కలిసిన తరవాతే బండి వచ్చింది.

మహూ యాత్రికుడు
నాకు భయం వేరే వైపు నుంచి ఉంది. మన్మాడ్–ఇందూర్ కొత్త లైనుకు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 309 కిలోమీటర్లు, 18,036 కోట్లు. అది పూర్తయితే ఖండ్వా–మహూను, మేల్‌ఘాట్ చుట్టుదారిని ఎవరు పట్టించుకుంటారు? డబ్బంతా అటే పోతుంది.

లెక్కల మాస్టారు
అది మనకు పోటీ కానక్కరలేదు. మన్మాడ్ ఎక్కడుంది? సికింద్రాబాద్–మన్మాడ్ పాత నిజాం లైను చివర. నిజామాబాద్ నుంచి నాందేడ్, పర్భణీ, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్, అక్కడి నుంచి కొత్త లైనులో ధూలే మీదుగా ఇందూర్. హైదరాబాద్ వాళ్లకు అదీ ఒక దారే. అజంతా ఎక్స్‌ప్రెస్ దారిని ముందుకు పొడిగించినట్టు ఉంటుంది.

పాత గార్డు
ఇక్కడ మాస్టారితో విభేదిస్తాను. మన్మాడ్ దారిలో వెళ్తే హింగోలి, వాషిం, అకోలా తప్పిపోతాయి. ఓంకారేశ్వర్ తప్పిపోతుంది. ఇందూర్ చేరడం ఒకటే ముఖ్యమైతే విమానం ఉంది. మీనాక్షి నడిచింది కాచిగూడలో ఎక్కి జైపూర్‌లో దిగేవాళ్ల కోసం మాత్రమే కాదు. వాషింలో ఎక్కి ఖండ్వాలో దిగేవాడు, నాందేడ్‌లో ఎక్కి మహూలో దిగేవాడు, వీళ్లే ఆ బండిని నింపారు. చివర నుంచి చివరకు వెళ్లేవాళ్లు ఎప్పుడూ తక్కువే. ఏ దూరపు బండినైనా బతికించేది నడుమ ఊళ్లే. మధ్య ఊళ్లు తీసేసి రెండు నగరాలను కలిపే బండి పేరుకు కొత్తది కావచ్చు గానీ మీనాక్షి కాదు.

బేగంబజార్ వాసి
గార్డు గారూ, చేయెత్తి నమస్కారం. మా నాన్న వాషింలో దినుసులు దింపి, వసూళ్లు చేసుకుని, అదే బండి మళ్లీ వచ్చినప్పుడు ఎక్కి వచ్చేవారు.

ఇందూరు అమ్మాయి
నిజామాబాద్, హింగోలి రెండూ పసుపు ఊళ్లే. మా మామయ్య వాళ్లు ఇప్పటికీ హింగోలి మార్కెట్‌కు వెళ్తుంటారు. ఆ సంబంధాలన్నీ ఈ రైలు మీదే పెరిగాయి.

సరే, ఎవరిని అడగాలి? మహారాష్ట్రలో, మధ్యప్రదేశ్‌లో ఉన్న లైను గురించి తెలంగాణ నుంచి అడిగితే ఎవరైనా వింటారా?

పాత గార్డు
ఇది చాలామందికి తెలియని సంగతి. పూర్ణా–అకోలా–ఖండ్వా నాందేడ్ డివిజన్‌లోది, దక్షిణ మధ్య రైల్వే కింద ఉంది. ఆ జోన్ ప్రధాన కార్యాలయం సికింద్రాబాద్. మేల్‌ఘాట్ చుట్టుదారి ఫైలు కదిలేది మన ఊళ్లోనే. ఖండ్వా నుంచి పైన పశ్చిమ రైల్వే, రత్లాం డివిజన్. అజ్మీర్, జైపూర్ వాయవ్య రైల్వే. ఇన్ని జోన్ల మీదుగా వెళ్లే బండికి పెద్ద ఆటంకం పట్టాలు కావు. ఏ జోన్‌కూ అది "మా బండి" అనిపించదు. ఒక జోన్ పట్టుపట్టి అడగాలి, పెట్టెలు తన దగ్గర పెట్టుకుని కడిగి నడిపిస్తానని ముందుకు రావాలి. ఆ పని సికింద్రాబాద్ చేయాలి, ఎందుకంటే బండి బయలుదేరేది ఇక్కడి నుంచే.

సిగ్నల్ పచ్చ
దానికి తోడు మన వైపు లైను ఒంటరి లైను. ముద్ఖేడ్–మేడ్చల్, మహబూబ్‌నగర్–ధోన్ డబ్లింగ్‌కు 2023 ఆగస్టులో మంత్రివర్గం అనుమతి ఇచ్చింది. అది పూర్తయితే నిజామాబాద్ మీదుగా కొత్త బండికి చోటు దొరుకుతుంది. "లైనులో ఖాళీ లేదు" అన్న సాకు అప్పుడు చెల్లదు.

అడవిపక్షి
అడిగేటప్పుడు ఒక్క మాట కలపండి. "అడవి బయట దారినే" అని స్పష్టంగా రాయండి. అలా రాస్తే మావాళ్లు కూడా సంతకం పెడతారు. పాత దారి కోసం పట్టుబడితే వ్యవహారం మళ్లీ కోర్టుల్లో పడి, ఇందూరు అమ్మాయి వాళ్ల పిల్లలు కూడా ఎదురుచూడవలసి వస్తుంది.

నల్లమల వాసి
చుట్టుదారిలో పొలం పోయే రైతుకు ముందు పరిహారం, తరవాతే పట్టాలు వేయడం అని కూడా రాయండి. అది లేకుండా నేను సంతకం పెట్టను.

అడవిపక్షి
నాకు అభ్యంతరం లేదు. అదీ రాద్దాం.

లెక్కల మాస్టారు
సరే, నేను ముసాయిదా రాస్తాను. మూడు కోరికలు. ఖండ్వా–మహూ పూర్తయిన వెంటనే భుసావల్ మీదుగా కాచిగూడ–జైపూర్ బండి, మొదట వారానికి రెండుసార్లయినా సరే. అకోట్–ఆమ్లా ఖుర్ద్ చుట్టుదారికి భూసేకరణ డబ్బు విడిగా, పరిహారం ముందుగా. హింగోలి, వాషిం, అకోలా, ఖండ్వా, ఓంకారేశ్వర్ రోడ్, మహూల్లో తప్పనిసరిగా ఆగాలి. ఇంతకంటే ఎక్కువ రాస్తే ఎవరూ చదవరు.

చార్మినార్ నీడ
ఉర్సు సమయంలో ఎక్కువ పెట్టెలు అని ఒక ముక్క చేర్చండి మాస్టారూ.

లెక్కల మాస్టారు
చేరుస్తాను.

మహూ యాత్రికుడు
ఏప్రిల్ 14కు కూడా.

కాచిగూడ కుర్రాడు
ఉర్దూ, మరాఠీ ప్రతులు కూడా ఉంటే నాందేడ్, హింగోలి వాళ్లు సంతకాలు పెడతారు. మరాఠీ నాకు వచ్చు, నేను రాస్తాను.

బేగంబజార్ వాసి
హిందీ, ఉర్దూ నావి. మా సంఘం వాళ్లతో అన్ని దుకాణాల్లోనూ పెట్టిస్తాను.

ఇందూరు అమ్మాయి
నిజామాబాద్, బాసర నేను చూసుకుంటాను. ఈలోగా మా అమ్మావాళ్లను ఈ కార్తికంలో ఎలా తీసుకెళ్లాలో ఎవరైనా చెప్తారా?

పాత గార్డు
ఖండ్వాలో ఆగే బండి చూసుకో అమ్మా. తెల్లవారాక చేరే బండి అయితే మంచిది. స్టేషను బయటే ఓంకారేశ్వర్ బస్సులు దొరుకుతాయి. పెద్దవాళ్లున్నారు కాబట్టి జీపు మాట్లాడుకుంటే ఇంకా సుఖం. కార్తిక పౌర్ణమి రోజు మాత్రం వద్దు, ఘాట్ల దగ్గర తొక్కిడి ఉంటుంది. రెండు రోజులు ముందు వెళ్లిరండి.

యాత్రల సుబ్బలక్ష్మి
ఏ తేదీన వెళ్తున్నారో చెప్పండి, మేం నలుగురం ఉన్నాం. ఒకే జీపులో సర్దుకుందాం.